పొసగని చోట్లు: నాన్న ఫొటోల కోసం ఇంట్లో కడుతున్న స్టోరేజీ సర్వర్ డైరీ

ఏప్రిల్ 6, ఆదివారం

ఇవాళ శ్రీరామనవమి. పానకం తాగి, వడపప్పు తిని, మధ్యాహ్నం నుంచి పనిలోకి దిగాను.

నాన్న తెనాలిలో ఇరవై తొమ్మిదేళ్లు ఫొటో స్టూడియో నడిపారు. అది మూసేసి మల్కాజ్‌గిరిలో మా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన సామానులో బట్టల కంటే డిస్కులు, క్యాసెట్లే ఎక్కువ. స్కాన్ చేసిన నెగెటివ్‌లు, మినీ డీవీ క్యాసెట్ల నుంచి ఎక్కించిన పెళ్లి వీడియోలు, ఆ తర్వాత డిజిటల్ కెమెరా ఫైళ్లు. ఒక్క గంట మినీ డీవీ క్యాసెట్టే దాదాపు 13 జీబీ తింటుంది. అన్నీ కలిపి 3.1 టీబీ, ఏడు ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. అందులో ఒకటి తెరుచుకోవడానికి నిమిషం పైగా తీసుకుంటోంది, లోపల టిక్కు టిక్కుమంటోంది.

ఇప్పటికీ ఊరి నుంచి ఫోన్లు వస్తుంటాయి. "మా అమ్మ పోయింది బాబాయ్, మా పెళ్లిలో ఆమె ఫొటో ఏదన్నా ఉంటే పంపు" అంటారు. నాన్న ఆ పూటంతా ఏడు డిస్కులూ ఒక్కొక్కటే తగిలించి వెతుకుతారు. ఆ ఫొటోలు ఒక్క చోట ఉండాలి, ఒకటో రెండో డిస్కులు చచ్చినా అవి పోకూడదు. అందుకే ఈ పెట్టె.

చేతిలో ఉన్న సరుకు ఇది: ఒక ఆఫీసు పాత సామాను అమ్మేటప్పుడు కొన్న డెస్క్‌టాప్ (ఇంటెల్ ఐ5-6500, 16 జీబీ ర్యామ్), డేటా సెంటర్ల నుంచి బయటికొచ్చిన 8 టీబీ సాటా డిస్కులు (సాటా అంటే డిస్కులను బోర్డుకు కలిపే మామూలు పద్ధతి) నాలుగు, ఇంట్లో పడి ఉన్న 4 టీబీ డిస్కులు రెండు. కంప్యూటర్‌ను స్టోరేజీ సర్వర్‌గా నడిపే సాఫ్ట్‌వేర్ ట్రూనాస్ స్కేల్, డిస్కుల మీద ఫైళ్లను పద్ధతిగా దాచే ఫైల్ సిస్టమ్ జెడ్ఎఫ్ఎస్. నాలుగు పెద్ద డిస్కులనూ రెయిడ్-జెడ్2గా కట్టాలని ఉంది. సగం చోటు భద్రతకే పోతుంది, కానీ ఏ రెండు డిస్కులు పోయినా డేటా నిలుస్తుంది. వాడేసిన డిస్కులు కాబట్టి అంతకంటే తక్కువకు నాకు మనసు ఒప్పలేదు.

డెస్క్‌టాప్ మూత తీయగానే మొదటి అడ్డంకి కనిపించింది. మామూలు పవర్ సప్లై నుంచి మదర్‌బోర్డుకు వచ్చే తీగకు 24 పిన్నులుంటాయి. దీనికి ఉన్నవి ఆరే. డిస్కులకు కరెంటు కూడా పవర్ సప్లై నుంచి కాకుండా బోర్డు మీది చిన్న సాకెట్ నుంచే వెళుతోంది, అదీ రెండు డిస్కులకు సరిపడా. ఆఫీసు మెషీన్లను కంపెనీలు తమకు అనువైన కొలతలతో ఇలాగే చేస్తాయి. 24ను ఆరుగా మార్చే తీగలు దొరుకుతాయి కానీ, బోర్డు మీద సాటా పోర్టులే మూడున్నాయి. దీంతో కుస్తీ పట్టడం దండగ. ప్రాసెసరూ ర్యామూ ఉంచుకుని బోర్డు, పవర్ సప్లై రెండూ మార్చేస్తాను.

ఏప్రిల్ 12, శనివారం

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్. పాత బోర్డుల కోసం నాలుగు షాపులు తిరిగాను. ఒక షాపులో హెచ్310 బోర్డు చూపించి, "సాకెట్ ఒకటే అన్నా, ఎల్జీఏ 1151. పెట్టెయ్, నడుస్తది" అన్నాడు. అబద్ధమేం కాదు, సాకెట్ పేరు ఒకటే, ప్రాసెసర్ కూడా అందులో హాయిగా కూర్చుంటుంది. కానీ 6, 7 తరాల ప్రాసెసర్లకు 100, 200 సీరీస్ చిప్‌సెట్లు (బోర్డును నడిపే చిప్పులు) కావాలి. 300 సీరీస్ వచ్చింది 8, 9 తరాల కోసం. పిన్నుల లెక్క ఒకటే అయినా వాటిలో కరెంటు పంచిన తీరు వేరు. అతనికి ఇది చెబితే, లోపలికి వెళ్లి బీ150 బోర్డు ఒకటి తెచ్చాడు. ఆరు సాటా పోర్టులు, ఒక ఎమ్.2 స్లాటు (పట్టీ లాంటి చిన్న ఎస్ఎస్‌డీ పెట్టే చోటు). అక్కడే ప్రాసెసర్ పెట్టించి, తెర మీద బయోస్ (ఆన్ చేయగానే వచ్చే బోర్డు సొంత మెనూ) కనిపించాకే డబ్బులిచ్చాను. పాత మెషీన్ కూలర్ స్క్రూలు దాని డబ్బాకే బిగుసుకునే రకం కాబట్టి అది పనికిరాలేదు, కూలర్ వేరే కొన్నాను.

స్నేహితుడొకడు తమ ఆఫీసు సర్వర్‌లోంచి తీసిన 16 జీబీ ర్యామ్ కడ్డీలు రెండు ఇచ్చాడు. డీడీఆర్4, స్లాటులో సరిగ్గా దిగాయి. ఆన్ చేస్తే తెర నల్లగానే ఉంది. కడ్డీ మీది స్టిక్కరు వెలుతురులో పట్టుకుని చదివితే, పీసీ4-2133పీ తర్వాత గీత, ఆ తర్వాత "ఆర్" అనే అక్షరం. అంటే సర్వర్ల కోసం చేసే రిజిస్టర్డ్ ర్యామ్. డెస్క్‌టాప్ ర్యామ్ మీద అదే చోట "యూ" ఉంటుంది. ఆ ఒక్క అక్షరం తేడాతో ఈ బోర్డుకు అది అస్సలు పనికిరాదు. మర్యాదగా తిరిగిచ్చేసి పాత 16 జీబీతోనే ముందుకెళ్తున్నాను. ఈసీసీ (ర్యామ్‌లో దొర్లే తప్పులను సరిదిద్దే ఏర్పాటు) ఉంటే బాగుండేది కానీ ఐ5-6500 దాన్ని ఎలాగూ వాడుకోలేదు.

ఏప్రిల్ 13, ఆదివారం

నాలుగు 8 టీబీ డిస్కులూ తగిలించి ఆన్ చేశాను. ఫ్యాన్లు తిరిగాయి. డిస్కుల్లో చప్పుడు లేదు. చెయ్యి ఆనిస్తే చిన్న వణుకు కూడా లేదు. ఒకేసారి నాలుగూ చచ్చాయా? గుండె జారిపోయింది. రూ. 30,000 పైన పెట్టిన సరుకు.

నాన్న పక్కనే కుర్చీలో ఉన్నారు. "వేరే దానికి పెట్టి చూశావా?" అన్నారు. పాత యూఎస్‌బీ డాక్ తీసి ఒక డిస్కు నిలబెట్టాను. జుయ్‌మని తిరిగింది. రెండోదీ తిరిగింది. నాలుగూ తిరిగాయి. డిస్కులు బాగున్నాయి, పవర్ సప్లై కూడా బాగుంది, ఎందుకంటే పాత 4 టీబీ డిస్కు దాని మీదే తిరుగుతోంది. చెడిపోయింది ఏదీ లేదు. రెండింటికీ పొసగలేదు, అంతే.

సంగతి ఇది. సాటా పవర్ కనెక్టర్‌లో 15 పిన్నులు. మొదటి మూడూ పాత పద్ధతిలో 3.3 వోల్ట్‌లవి, డిస్కులు వాటిని దాదాపు వాడేవే కావు. 2016లో వచ్చిన సాటా నియమాల 3.3 వెర్షన్‌లో మూడో పిన్నుకు కొత్త పని అప్పజెప్పారు: దాని మీద వోల్టేజీ ఉన్నంతసేపు డిస్కు ఆగి ఉండాలి. డేటా సెంటర్లో ఒక డిస్కు మొరాయిస్తే మనిషి వెళ్లి పీకి పెట్టకుండా దూరం నుంచే దాన్ని ఆపి మళ్లీ లేపడానికి ఈ ఏర్పాటు. నా పవర్ సప్లై పాత నియమం ప్రకారం ఆ పిన్నుకు 3.3 వోల్ట్‌లు పంపిస్తూనే ఉంది. డిస్కేమో కొత్త నియమం ప్రకారం దాన్ని "ఆగు" అన్న ఆజ్ఞగా తీసుకుంటోంది. నా డాక్ ఆ 3.3 వోల్ట్‌లు ఇవ్వదు కాబట్టి అక్కడ తిరిగింది.

మోలెక్స్ (పాత రకం నాలుగు తీగల పవర్ ప్లగ్గు) నుంచి సాటాకు మార్చే తీగ వాడితే తీరిపోతుంది, మోలెక్స్‌లో 3.3 వోల్ట్‌ల తీగే ఉండదు. కానీ ప్లాస్టిక్‌ను కరిగించి పోతపోసిన రకం కనెక్టర్లు లోపల షార్టయి అంటుకున్న సంగతులు చాలా విన్నాను. నాన్న జీవితకాలపు పని పక్కన అలాంటిది పెట్టలేను. టేపు దారి పట్టాను.

వీధి చివర మొబైల్ రిపేరు షాపు కుర్రాడు క్యాప్టన్ టేపు జానెడు ముక్క ఊరికే ఇచ్చాడు. తేనె రంగులో, పల్చగా, వేడికి కరగకుండా ఉంటుంది. మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు ఇక్కడ వేయకూడదు, వేడెక్కితే జిగురు కారి పక్కకు జరుగుతుంది. డిస్కును మెత్తటి తువ్వాలు మీద బోర్లా పడుకోబెట్టి, డేటా కనెక్టర్ వైపు నుంచి పిన్నులు లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. మూడోదొక్కటే కప్పడం నా చేతికి కుదరలేదు, పిన్నుకూ పిన్నుకూ మధ్య ఉన్నది మిల్లీమీటరు పైచిలుకే. మొదటి మూడూ కప్పినా నష్టం లేదు. నాన్న నెగెటివ్‌లు రీటచ్ చేసే కాలంలో వాడిన భూతద్దం, సన్న చిమటా తీసుకొచ్చారు. నేను బ్లేడుతో మూడు మిల్లీమీటర్ల పట్టీ కోస్తే, ఆయన చిమటాతో పట్టి పిన్నుల మీద పరిచి, గోటితో చివర నొక్కి కింది వైపు మడిచారు. డెబ్బై ఒకటో ఏట ఆ వేళ్లు వణకలేదు.

ఒక్కో డిస్కుకు పది నిమిషాలు. ఆన్ చేస్తే నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి లేచాయి.

ఏప్రిల్ 14, సోమవారం

అంబేడ్కర్ జయంతి సెలవు. ట్రూనాస్‌ను ఎమ్.2 ఎస్ఎస్‌డీలోకి ఎక్కించాను. ఆరు డిస్కులు కనిపించాల్సిన చోట ఐదే కనిపించాయి. నిన్న టేపు వేసిన డిస్కే మళ్లీ పడుకుందేమోనని చెయ్యి పెట్టి చూస్తే, తిరుగుతూనే ఉంది. బోర్డు మాన్యువల్ పట్టికలో చిన్న అక్షరాల్లో ఉంది జవాబు: ఎమ్.2లో సాటా రకం ఎస్ఎస్‌డీ పెడితే ఐదో పోర్టు పనిచేయదు. రెండూ ఒకే దారిని పంచుకుంటాయి.

అంటే నాకు మిగిలింది ఐదు పోర్టులు, డిస్కులు ఆరు. ఒక పోర్టునే పలు డిస్కులకు పంచే పోర్టు మల్టిప్లయర్ ఉన్న చవక కార్డులు జెడ్ఎఫ్ఎస్‌కు మంచివి కావు, ఒక డిస్కు తడబడితే దాని వెనకున్నవన్నీ ఒకేసారి మాయం కావచ్చు. సర్వర్లలో డిస్కులను కలపడానికి వాడే హెచ్‌బీఏ కార్డు ఆర్డరు పెట్టాను. ఎస్ఏఎస్ 2008 చిప్పు, ఎనిమిది డిస్కులకు సరిపోయేది, ముందే ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్ ఎక్కించి అమ్ముతున్నారు. ఐటీ మోడ్‌లో కార్డు సొంత రెయిడ్ తెలివి చూపకుండా డిస్కులను ఉన్నవి ఉన్నట్టు జెడ్ఎఫ్ఎస్‌కు అప్పగిస్తుంది. మనకు కావాల్సింది అదే.

ఏప్రిల్ 19, శనివారం

కార్డు వచ్చింది. స్లాటులో పెట్టి ఆన్ చేస్తే బోర్డు అసలు లేవలేదు. తెర నలుపు. కార్డు తీస్తే లేస్తుంది, పెడితే లేవదు. స్లాటు మార్చినా అంతే. పక్కింటి అబ్బాయి కంప్యూటర్లో పెడితే అక్కడ కార్డు చక్కగా కనిపించింది.

ఇంతసేపటికి నాకు ఒక అలవాటు పడింది. "ఏది చెడిపోయింది" అని వెతకడం మానేసి, "ఈ రెండూ ఎక్కడ తాకుతున్నాయి" అని వెతుకుతున్నాను. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో డేటా దారులతో పాటు ఎస్ఎమ్‌బస్ అనే సన్నటి దారి కూడా ఒకటి ఉంటుంది. బోర్డు ఆన్ అవుతూనే ర్యామ్ ఎంత, ఏ వేగం అని అడిగి తెలుసుకునేది దాని మీదుగానే. సర్వర్ కోసం చేసిన కార్డు ఆ దారిలో తానూ మాట్లాడబోతే, కొన్ని మామూలు బోర్డులకు ర్యామ్ జవాబు వినపడదు. ర్యామ్ లేదనుకుని అక్కడే ఆగిపోతాయి.

మందు మళ్లీ ఆ తేనె రంగు టేపే. కార్డు మీద చిప్పులున్న వైపు బీ వైపు. ఇనుప పట్టీ ఉన్న చివర నుంచి లెక్కపెడితే ఐదు, ఆరు పిన్నులు ఎస్ఎమ్‌బస్‌వి. ఆ రెండింటి మీద పట్టీ అంటించి, అంచు దాటకుండా కోసి, స్లాటులోకి నిటారుగా దించాను. వంకరగా దించితే టేపు ముడుచుకుపోతుంది, మొదటిసారి అదే జరిగింది. రెండోసారి ఆన్ చేస్తే బయోస్, ఆ వెంటనే కార్డు పేరు. "వచ్చిందిరా!" అని నాన్న నాకంటే ముందు అరిచారు.

ఆ సంతోషం మీద కేబుల్ తగిలిస్తే ఒక్క డిస్కూ కనిపించలేదు. కార్డు వైపు ఒకే వెడల్పు ప్లగ్గు, డిస్కుల వైపు నాలుగు సాటా తలలు. చూడటానికి సరిగ్గా ఉంది. కానీ ఈ కేబుళ్లలో రెండు రకాలున్నాయి: కార్డు నుంచి డిస్కులకు వెళ్లేది ఫార్వర్డ్, బోర్డు సాటా పోర్టుల నుంచి సర్వర్ డిస్కుల అరకు వెళ్లేది రివర్స్. బయటికి రెండూ కవలల్లా ఉంటాయి, లోపల తీగల వరస వేరు. నాకు వచ్చింది రివర్స్. ఫార్వర్డ్ అని రాసి ఉన్నది చూసి తెప్పించుకోవాలి.

ఇంకో మాట. ఈ కార్డు హీట్‌సింక్ మీద వేలు రెండు సెకన్లు ఉంచలేకపోయాను. సర్వర్లలో హోరుగాలి మధ్య ఉండాల్సిన వస్తువు, హైదరాబాద్ ఎండాకాలంలో మూసిన పెట్టెలో ఊరికే ఉండలేదు. 40 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి దాని మీద జిప్ టైతో కట్టాను. డిస్కుల ముందు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ పెట్టాక వాటి వేడి 47 డిగ్రీల నుంచి 39కి దిగింది.

ఏప్రిల్ 22, మంగళవారం

సరైన కేబుల్ ఆదివారం చేతికొచ్చింది. వాడేసిన డిస్కులు కాబట్టి ఫొటోలు పెట్టే ముందు బ్యాడ్‌బ్లాక్స్ అనే పరీక్ష ప్రోగ్రామ్‌తో ప్రతి అంగుళం తడిమి చూడాలి. నాలుగు రకాల నమూనాలు డిస్కు నిండా రాస్తుంది, రాసినవి తిరిగి చదువుతుంది. 8 టీబీకి దాదాపు ఐదు రోజులు. ఆదివారం రాత్రి నాలుగింటికీ ఒకేసారి మొదలుపెట్టాను. బ్లాకు సైజు 4096 అని చెప్పకపోతే ఇంత పెద్ద డిస్కును అది లెక్కపెట్టలేక ఆగిపోతుంది.

ఇవాళ పొద్దున లాగ్ చూస్తే మూడో డిస్కు లింకు తెగి మళ్లీ కలుస్తోంది. దాని స్మార్ట్ లెక్కల్లో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే పట్టిక) పాడైన చోట్లను చెప్పే 5, 197, 198 వరసలు సున్నాలే, అంటే అయస్కాంతపు పలక బాగుంది. 199 మాత్రం నిన్న 0, ఇవాళ పొద్దున 37, మధ్యాహ్నానికి 112. డిస్కుకూ కార్డుకూ మధ్య దారిలో డేటా పాడైన ప్రతిసారీ పెరిగే అంకె అది.

రాత్రి నాన్నకు చెబితే, డార్క్‌రూమ్ సంగతి ఎత్తారు. ప్రింటు తేలిపోతే పేపరూ డెవలపరూ రెండూ ఒకేసారి మార్చేవారు కారట. ఒక సన్న పేపరు ముక్క మీద టెస్ట్ స్ట్రిప్ వేసి, ఒక్క ఎక్స్‌పోజరే మార్చుతూ చూసేవారట. "రెండూ మార్చావంటే బాగైనా ఎందుకు బాగైందో తెలీదు" అన్నారు. నేనప్పటికే కొత్త కేబుల్, ఇంకో పవర్ తీగ రెండూ పక్కన పెట్టుకుని ఉన్నాను. పవర్ తీగ వెనక్కి పెట్టేశాను.

రెండో డిస్కు కేబుల్ తల మూడోదానికి, మూడోదాని కేబుల్ తల రెండోదానికి మార్చి, మరేదీ ముట్టుకోలేదు.

ఏప్రిల్ 23, బుధవారం

112 దగ్గరే మూడో డిస్కు ఆగిపోయింది. రెండో డిస్కు 199లో 19 కనిపిస్తోంది. తప్పు డిస్కుది కాదు, ఆ తలది. పెట్టె తెరిచి చూస్తే కారణం కంటికే దొరికింది. పక్క రేకు మూసినప్పుడు ఆ కేబుల్‌ను మెడ దగ్గర విరిచినట్టు నొక్కుతోంది, నల్ల తొడుగు మీద తెల్లటి మడత గీత పడింది. ఇంకాస్త పొడుగు కేబుల్ తెప్పించి, రేకుకు తగలకుండా కింది నుంచి చుట్టి తెచ్చాను. 112, 19 అలాగే ఉంటాయి, ఆ అంకెలు ఎప్పటికీ సున్నాకు రావు. పెరగకుండా ఉంటే చాలు. ఆ రెండు డిస్కులకు పరీక్ష మళ్లీ మొదటి నుంచి.

మే 3, శనివారం

నాలుగు డిస్కులూ ఒక్క తప్పు లేకుండా గట్టెక్కాయి. రెయిడ్-జెడ్2 కట్టాను, చేతికొచ్చిన చోటు ట్రూనాస్ చూపే లెక్కలో 14 టీబీ పైచిలుకు. పాత 4 టీబీ డిస్కుల మోడల్ నంబర్లు వెతికితే ఒకటి ఎస్ఎమ్‌ఆర్ రకం. రాసే గీతలు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, పాతదాని మీద మళ్లీ రాయాలంటే పక్కవీ తిరగరాయాలి. పూల్‌లో (డిస్కులన్నీ కలిపి కట్టిన చోటులో) పెడితే డిస్కు మార్చినరోజున డేటా తిరిగి నింపడం రోజుల తరబడి సాగుతుంది. దాన్ని పెట్టెలోంచి తీసేసి, గుంటూరులో అక్క దగ్గర ఉంచే రెండో కాపీకి కేటాయించాను. ఇల్లు ఒక్కటే చోటు కాకూడదు కదా.

సాయంత్రం గాలివాన, కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమాగా ఉన్నాను. సర్వర్ మాత్రం రీస్టార్ట్ అయ్యింది. ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్చు "నార్మల్"లో ఉంది. ఫ్యాన్లకూ లైట్లకూ కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ రెప్పపాటు తెలీదు. కంప్యూటర్ పవర్ సప్లై తన కడుపులో దాచుకునేది 16 మిల్లీసెకన్లకు అటూ ఇటూ మాత్రమే. "యూపీఎస్" వైపు మారిస్తే ఇన్వర్టర్ అంతకంటే ముందే అందుకుంటుంది. మెయిన్ ఆపి ఆన్ చేసి ఐదుసార్లు చూశాను, నిలబడింది. అయినా యూఎస్‌బీ తీగ ఉన్న చిన్న యూపీఎస్ ఒకటి మధ్యలో పెట్టాను. కరెంటు పోయి మూడు నిమిషాలైతే సర్వర్ తనంతట తాను పద్ధతిగా ఆగిపోతుంది.

మే 10, శనివారం

కాపీ మొదలు. సెకనుకు 11 ఎంబీ. ఈ లెక్కన మూడు రోజులు పైన పడుతుంది. 11 అనే అంకె చూడగానే అర్థమైంది, లింకు 100 మెగాబిట్ దగ్గర కూర్చుంది. గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ కావాలి. ఇల్లు కట్టినప్పుడు గోడలో వేసిన నెట్ కేబుల్ చివర నాలుగే బిగించి, మిగతా నాలుగూ లోపలికి మడిచి ఉన్నాయి. కొత్త ఆర్‌జే45 తల పెట్టి ఎనిమిదీ బిగించాను. 112 ఎంబీ.

మే 11, ఆదివారం

ఆరు డిస్కులు పూర్తయ్యాయి. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలు మారలేదని చూపే గుర్తు అంకె) సరిచూశాను. స్క్రబ్‌లో (రాసినదంతా జెడ్ఎఫ్ఎస్ మళ్లీ చదివి సరిచూసుకోవడం) తప్పులు సున్నా.

ఏడోది ఆ టిక్కుటిక్కు డిస్కు. రాత్రంతా ఆగుతూ చదువుతూ, తెల్లారేసరికి 14 ఫైళ్లు తప్ప అంతా ఇచ్చింది. ఆ 14 ఒకే ఫోల్డరువి, 2003 నాటి ఒక పెళ్లి వీడియో. ఫోల్డరు పేరు చదివి వినిపిస్తే నాన్న కాసేపు కళ్లు మూసుకున్నారు. పెళ్లికొడుకు తండ్రి తలపాగా సంగతి, మధ్యలో వాన పడి షామియానా కింద కెమెరాకు గొడుగు పట్టిన కుర్రాడి సంగతి చెప్పారు. ఆ క్యాసెట్ పారేయలేదట. అటక మీద నీలం రేకు పెట్టెలో ఉండాలంటున్నారు.

పాత క్యామ్‌కార్డర్‌కు ఫైర్‌వైర్ (వీడియోను కంప్యూటర్‌లోకి ఎక్కించే పాత రకం తీగ) తప్ప వేరే దారి లేదు, ఈ బోర్డు మీద ఆ పోర్టు లేదు. రేపు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఫైర్‌వైర్ కార్డు చూసుకు రావాలి. నిచ్చెన వాచ్‌మన్ దగ్గర అడిగి ఉంచాను.